ఏడో నంబరు బిల్డింగు స్వేచ్ఛాపతనంలో పడిందంటే బాంబులు పెట్టినట్టేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. పాలకొల్లు దగ్గర జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెప్పే మీ బావగారు సంక్రాంతికి వచ్చినప్పుడల్లా ఒకటే వాదన. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో వరల్డ్ ట్రేడ్ సెంటర్ భవనాలు మంటలకు పడలేదట, లోపల పేలుడు మందు పెట్టి పడగొట్టారట. అందులోనూ ఏడో నంబరు బిల్డింగు. దాన్ని విమానం గుద్దనే లేదు. "అది స్వేచ్ఛాపతనంలో పడింది. కింద అడ్డేమీ లేకపోతేనే అలా పడుతుంది. ఆ అడ్డం తీసిందెవరు?" అంటారు. మీది కామర్సు, నోరెత్తలేకపోతున్నానన్నారు.

సూటిగా చెప్పేస్తాను. బావగారు చెప్పిన స్వేచ్ఛాపతనం నిజమేనండి. దాన్నుంచి ఆయన తేల్చింది మాత్రం తప్పు. ఆ భవనం పడిన తీరులో దాదాపు రెండుంపావు సెకన్ల పాటు కింద నుంచి చెప్పుకోదగ్గ అడ్డు లేదు. కానీ ఆ అడ్డు పోవడానికి బాంబు అక్కర్లేదు. కాలమ్, అంటే బరువు మోసే నిలువు స్తంభం, వంగితే చాలు. వంగిన కాలమ్ బరువు మోయదు.

నేను భీమవరం చుట్టుపక్కల ముప్ఫై ఏళ్ళ పైనుంచి స్ట్రక్చరల్ డిజైన్లు వేస్తున్నాను. సగం జీవితం కట్టేవాటితో, సగం ఒరిగినవాటితో, బీటలిచ్చినవాటితో గడిచింది. మన ఒండ్రు నేలలో పనికి కరువుండదు లెండి. న్యూయార్కు వెళ్ళి చూసినవాణ్ణి కాను. కానీ దాని మీద వచ్చిన రిపోర్టును నా ఫైళ్ళు చదివినట్టే పెన్సిలు పట్టుకుని చదివాను.

ముందు ఆ రెండుంపావు సెకన్ల సంగతి. ఇక్కడే చాలామంది బావగారి చేతిలో ఓడిపోతారు. "అబ్బే, స్వేచ్ఛాపతనమేం కాదండీ" అని మొదలెడతారు. ఆయన ఫోను తీసి వీడియో చూపిస్తారు, లెక్క వేస్తారు, లెక్క సరిగ్గానే వస్తుంది. నిజానికి ఈ భవనాలు ఎందుకు కూలాయో దర్యాప్తు చేసిన అమెరికా ప్రభుత్వ సంస్థ నిస్ట్ కూడా అదే తప్పు చేసింది. 2008 ఆగస్టులో ఇచ్చిన ముసాయిదాలో, మొదటి 18 అంతస్తులు దిగడానికి 5.4 సెకన్లు పట్టింది, స్వేచ్ఛగా పడితే 3.9 సెకన్లే పట్టాలి, కాబట్టి స్వేచ్ఛాపతనం కాదు అని సగటు లెక్క చెప్పి ఊరుకుంది. ఒక హైస్కూలు ఫిజిక్సు మాస్టారు నిలదీశాడు. నవంబరులో వచ్చిన తుది రిపోర్టులో ఆ 5.4 సెకన్లను మూడు ముక్కలుగా విడదీసి, మధ్య ముక్క స్వేచ్ఛాపతనమేనని ఒప్పుకున్నారు. ఫిజిక్సు మాస్టార్లను తక్కువ అంచనా వెయ్యకూడదు, మీ బావగారితో సహా.

ఆ మూడు ముక్కలూ ఇవి. మొదటి 1.75 సెకన్లలో ఉత్తరం వైపు గోడ దిగింది కేవలం 2.2 మీటర్లు. తర్వాతి 2.25 సెకన్లలో 32 మీటర్లు, అంటే ఎనిమిది అంతస్తుల ఎత్తు, గురుత్వ త్వరణంతో దిగింది. ఆ తర్వాత మళ్ళీ అడ్డు తగిలి వేగం పుంజుకోవడం తగ్గింది.

ఆ మొదటి ముక్కను కొంచెం ఆగి చూడండి. పదిహేను మీటర్ల కొబ్బరిచెట్టు మీంచి కాయ రాలిందనుకోండి. నేలను తాకడానికి సరిగ్గా ఆ 1.75 సెకన్లే పడుతుంది. కాయ పదిహేను మీటర్లు దిగే సమయంలో ఆ భవనం రెండు మీటర్ల చిల్లర దిగింది. అంటే మొదట్లో కింద అడ్డు ఉంది. మెల్లగా ఓడిపోతోంది. బాంబులతో కాలమ్‌లన్నీ ఒకేసారి కోసేస్తే ఈ నెమ్మది దశ ఎందుకుండాలి? మొదటి క్షణం నుంచే కాయలా రాలాలి కదా. బావగారి లెక్కలో ఈ ముక్క ఎక్కడికి పోయిందో అడగండి. గట్టిగా కాదు, కాఫీ ఇచ్చి అడగండి.

ఇక అడ్డు ఎలా ఓడిపోతుంది? దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. మీ పెరట్లో చీపురు చాలు. ఒక కొబ్బరి ఈనె తీసి, బెత్తెడు ముక్క విరిచి, రెండు అరచేతుల మధ్య నిలబెట్టి నొక్కండి. గట్టిగానే ఆనుతుంది, చెయ్యి నొప్పెడుతుంది. ఇప్పుడు మూర పొడవున్న ఈనె తీసుకుని అలాగే నొక్కండి. కాసేపు నిలబడి, ఒక్కసారి విల్లులా వంగిపోతుంది. వంగాక మీ చేతికి తగిలే బలం దాదాపు ఏమీ ఉండదు. విరగలేదు, తెగలేదు, ఎవరూ కొయ్యలేదు. అయినా మొయ్యడం మానేసింది. దీన్నే మేం బక్లింగ్ అంటాం. పొడవు రెట్టింపైతే మోసే శక్తి నాలుగో వంతు అవుతుంది, మూడు రెట్లైతే తొమ్మిదో వంతు. బావగారికి ఆయిలర్ సూత్రం అంటే చాలు, మిగతాది ఆయనే మీకు చెప్తారు.

బిల్డింగులో కాలమ్ పొడవు ఎలా పెరుగుతుంది అంటారేమో. కాలమ్‌ను ప్రతి అంతస్తు దగ్గరా ఆ అంతస్తు బీములే నాలుగు పక్కలా పట్టుకుని ఉంటాయి. పందిరి గుంజకు అడ్డకర్రలు కట్టినట్టు. అడ్డకర్రలు ఊడితే గుంజ అదే, కానీ పట్టులేని పొడవు పెరిగింది. ఏడో నంబరు బిల్డింగులో జరిగింది ఇదేనంటుంది నిస్ట్. ఉత్తరం వైపు పెద్ద టవరు కూలినప్పుడు ఆ శకలాలు పడి మంటలు అంటుకున్నాయి. కింది అంతస్తుల స్ప్రింక్లర్లకు నీళ్ళు ఊరి మెయిన్ పైపు నుంచి రావాలి, ఆ పైపు పగిలింది. ఆర్పేవాళ్ళు లేక దాదాపు ఏడు గంటలు కాలింది. పొడవాటి ఉక్కు బీములు వేడికి సాగాయి. 16 మీటర్ల ఉక్కు బీము 400 డిగ్రీలు వేడెక్కితే మూడు అంగుళాలు పెరుగుతుంది, మీరే గుణించుకోవచ్చు. అలా పెరిగిన బీములు 13వ అంతస్తు దగ్గర ఒక గర్డరును, అంటే బీములను మోసే పెద్ద దూలాన్ని, దాని పీట మీంచి నెట్టేశాయి. ఆ అంతస్తు కింది దాని మీద, అది దాని కింది దాని మీద, అలా అయిదో అంతస్తు దాకా పడ్డాయి. 79వ నంబరు కాలమ్ తొమ్మిది అంతస్తుల పొడవునా పక్క పట్టు లేకుండా నిలబడింది. మన మూరెడు ఈనె అదే. అది వంగింది. దానికి పైన, కప్పు మీద ఉన్న తూర్పు గది (పెంట్‌హౌస్) ముందు కుంగింది. లోపలి కాలమ్‌లు ఒకదాని వెంట ఒకటి పోయాయి. చివరికి బయటి గోడ కాలమ్‌లు కింది అంతస్తుల్లో ఈనెల్లా వంగాయి. అప్పుడొచ్చింది ఆ రెండుంపావు సెకన్లు.

"జెట్ ఇంధనం ఉక్కును కరిగించలేదు" అన్న మాటకొస్తే, నిజమే, కరిగించలేదు. కరగాలని ఎవరన్నారు? ఉక్కు కరగడానికి సుమారు 1500 డిగ్రీలు కావాలి. కానీ 600 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికే దాని బలం సగానికి పడిపోతుంది. మన కమ్మరి కొడవలి వంపు తిప్పేటప్పుడు ఇనుమును కరిగిస్తాడా? ఎర్రబడగానే సుత్తి దెబ్బకు వంగుతుంది. పైగా విమానాలు గుద్దిన రెండు పెద్ద టవర్లలోనూ ఇంధనం కొన్ని నిమిషాల్లోనే కాలిపోయింది. తర్వాత కాలింది బల్లలు, కాగితాలు, కార్పెట్లు. ఉక్కుకు పూసిన మంటనిరోధక పూత విమానం గుద్దిన చోట రాలిపోయింది. అంతస్తులు వేడికి కుంగుతూ బయటి కాలమ్‌లను లోపలికి లాగాయి. ఉత్తరపు టవరులో దక్షిణపు గోడ నాలుగడుగులకు పైగా లోపలికి వంగినట్టు పడడానికి కొన్ని నిమిషాల ముందు తీసిన ఫొటోల్లోనే కనపడుతుంది. పేలుడు మందు గోడను నిమిషాల తరబడి లోపలికి లాగదు.

మంటకు ఉక్కు ఏమవుతుందో నేను కళ్ళారా చూసింది ఒక రైసు మిల్లులో. చాలా ఏళ్ళ కిందటి మాట, ఊరి పేరెందుకు లెండి. ఊక, గోనెసంచులు ఉన్న గోడౌను రాత్రంతా కాలింది. పొద్దున్నే బీమా వాళ్ళతో వెళ్ళాను. కొత్త షెడ్డుకు ఇనుప ట్రస్సులు. తడిసిన తాటాకుల్లా వేలాడుతున్నాయి, రెండు నేలను తాకాయి. పక్కనే పాత షెడ్డు, తాతల నాటి తాటి దూలాలు. పైన అంగుళం మందాన బొగ్గై, లోపల చేవ మిగిలి, పెంకులు మోస్తూ అలాగే నిలబడి ఉన్నాయి. నేను సుత్తితో కొట్టి చూశాను, ఠంగుమంది. మిల్లు యజమాని నమ్మలేకపోయాడు. కర్ర కాలిపోవాలి, ఇనుము నిలబడాలి కదండీ అన్నాడు. కర్ర కాలుతుంది కానీ మెత్తబడదు, ఇనుము కాలదు కానీ మెత్తబడుతుంది అని చెప్పాను. ఊకమంటకే అంత పని అయింది.

"మంటకు పడిన ఉక్కు భవనం చరిత్రలో లేదు" అనే మాట 2001లో ఎత్తైన భవనాల వరకు సరిపోయిందేమో. ఇప్పుడు కుదరదు. 2017 జనవరి 19న టెహరానులో ప్లాస్కో అనే 17 అంతస్తుల ఉక్కు భవనం ఉదయం అంటుకుని, కొన్ని గంటల్లో అగ్నిమాపక సిబ్బంది లోపల ఉండగానే కూలిపోయింది. 2005లో మాడ్రిడ్‌లో విండ్సర్ టవరు కాలినప్పుడు పై అంతస్తుల ఉక్కు భాగం రాలిపోయి కాంక్రీటు భాగం నిలబడింది. ఒకే భవనం, ఒకే మంట. నా మిల్లు షెడ్ల కథకు అది పెద్దన్న.

పెద్ద టవర్ల విషయంలో "కింది అంతస్తులన్నీ బాగానే ఉన్నాయి, పైవాటిని ఎందుకు ఆపలేదు" అని కూడా బావగారు అడిగే ఉంటారు. బస్తా మోసే హమాలీని అడగండి. నెత్తి మీద మెల్లగా దించితే మోస్తాడు. అదే బస్తా అటక మీంచి వదిలితే? మెడ విరుగుతుంది. బరువు మారలేదు. ఒక్క అంగుళం కూడా ఎత్తు నుంచి పడెయ్యకుండా, ఆనించి ఠక్కున వదిలేసినా సరే, ఒక్క క్షణం రెట్టింపు బలం పడుతుంది, ఇది ఇంటర్ లెక్కే. అక్కడ పన్నెండు పైచిలుకు అంతస్తుల ముద్ద ఒక అంతస్తు ఎత్తు నుంచి దిగింది. కిటికీల్లోంచి తన్నుకొచ్చిన పొగ పిచికారీలు పేలుళ్ళే కదా అంటారా, ఒక్కో అంతస్తు ఎకరం విస్తీర్ణం, పన్నెండడుగుల ఎత్తు. అంత గాలి రెప్పపాటులో నలిగితే ఎక్కడికి పోతుంది? కొలిమి తిత్తి నొక్కితే గొట్టంలోంచే వస్తుంది.

థర్మైట్ గురించి, అంటే కాలమ్‌లను కరిగించి కోశారని వాళ్ళు చెప్పే అల్యూమినియం, ఇనుప తుప్పు కలిపిన పొడి గురించి, రెండు ముక్కలు. భీమవరం–నిడదవోలు లైను డబ్లింగు పనులప్పుడు పట్టాలకు థర్మిట్ వెల్డింగు చేస్తుంటే గంటల తరబడి నిలబడి చూసిన పిచ్చి నాది. రెండు పట్టాల మధ్య అంగుళం సందు వదిలి, రెండు పక్కలా ఇసుక అచ్చులు బిగించి, సందుల్లో బంకమన్ను మెత్తి, పట్టా కొసలను గ్యాసుతో ఎర్రగా కాల్చి, పైన కుండ పెట్టి, దాన్లో పొడి పోసి కాకరపువ్వొత్తి లాంటిది గుచ్చి వెలిగిస్తారు. అరనిమిషంలో కరిగిన ఉక్కు కిందికి దిగుతుంది. కిందికి. అది ఎక్కడ పోస్తే అక్కడి నుంచి కిందికే కారుతుంది. ఒక్క జాయింటుకే ఇంత సరంజామా, అరడజను మంది మనుషులు. నిలువుగా ఉన్న కాలమ్‌ను అడ్డంగా కొయ్యాలంటే దాన్ని పక్కకు ఆనించి పట్టి ఉంచే పరికరం ప్రతి కాలమ్‌కూ కావాలి. అసాధ్యం అనను. ఎవరి కంటా పడకుండా, పనిచేసే ఆఫీసులో, గోడలు విప్పకుండా అంటే మాత్రం నాకు నవ్వొస్తుంది.

నోయిడాలో 2022 ఆగస్టు 28న జంట టవర్లు పడగొట్టింది మీరందరూ టీవీలో చూశారు. వంద మీటర్ల ఎత్తు. నెలల తరబడి పని. గోడలు తీసేశారు, కాలమ్‌లకు తొమ్మిది వేలకు పైగా రంధ్రాలు వేశారు, 3,700 కిలోల పేలుడు మందు నింపారు, జాలీలు చుట్టారు. అదీ ఖాళీ భవనానికి. ఏడో నంబరు బిల్డింగులో 47 అంతస్తుల్లో జనం రోజూ వచ్చి ఉద్యోగాలు చేసుకున్నారు. ఆ మందు, ఆ వైర్లు ఏడు గంటల మంటలో చెడకుండా ఉండాలి మళ్ళీ. ఇక శబ్దం. ఆ ఒక్క ముఖ్యమైన కాలమ్‌ను కొయ్యగలిగే పేలుడు అర మైలు దూరంలో కూడా 130–140 డెసిబెల్స్ వినపడాలని నిస్ట్ లెక్క. అప్పటి వీడియోల్లో అలాంటిది లేదు.

"కానీ పేలుడు విన్నామని సాక్షులు చెప్పారుగా" అంటారు. విన్నారు. అబద్ధం చెప్పలేదు. ఇక్కడ నా సొంత కేసు ఒకటి చెప్పాలి.

ఉప్పుటేరుకు దగ్గర్లో, చెరువుల మధ్య ఒక ఊరు. రెండంతస్తుల బిల్డింగు కార్తీకమాసంలో ఒక రాత్రి కుప్పకూలింది. ఇంట్లోవాళ్ళు సోమవారం దీపాలకని గుడికెళ్ళారు, ప్రాణాలు దక్కాయి. నేను వెళ్ళేసరికి ఊరంతా తేల్చేసింది: సరిహద్దు తగాదా ఉన్న పక్కింటివాళ్ళు మందు పెట్టించారు. నలుగురు సాక్షులు. ముందు తుపాకీ పేలినట్టు రెండు చప్పుళ్ళు, తర్వాత బిల్డింగు. నలుగురూ ఒకే మాట చెప్పారు, నలుగురూ నిజమే చెప్పారు. కాంక్రీటు కాలమ్ నలిగి పగిలేటప్పుడు వచ్చే చప్పుడు అచ్చం అలాగే ఉంటుంది.

నేను రెండు రోజులు ఆ గుట్ట చుట్టూ తిరిగాను. ఈశాన్యం మూల కాలమ్ దొరికింది. పన్నెండు ఎమ్ఎమ్ చువ్వలు కొన్ని చోట్ల పెన్సిలు మందానికి వచ్చేశాయి. చువ్వలకు చుట్టిన రింగులు చేత్తో ముట్టుకుంటే అప్పడాల్లా రాలాయి. కట్టేటప్పుడు బోరులోని ఉప్పునీళ్ళే కాంక్రీటులో కలిపారని మేస్త్రి తర్వాత ఒప్పుకున్నాడు. "మరి అన్నేళ్ళు నిలబడింది ఆ రాత్రే ఎందుకు పడింది?" అని యజమాని అన్నగారు నన్ను నిలదీశాడు. మంచి ప్రశ్న. నాకూ జవాబు వెంటనే తట్టలేదు. శిథిలాల్లో నీలం ప్లాస్టిక్ సంచులు కనపడ్డాయి. మూడు రోజుల ముందు రొయ్యల మేత లోడు వస్తే కింద చెమ్మ అని పై అంతస్తులో ఆ మూలే పేర్చారు. 25 కిలోల బస్తాలు నాలుగొందలు. పది టన్నులు, ఒక మూల.

అయినా ఊళ్ళో సగంమంది ఇప్పటికీ నన్ను నమ్మలేదు. పక్కింటివాళ్ళ దగ్గర నేను డబ్బు తిన్నానన్న మాట కూడా నా చెవిన పడింది. అందుకే చెప్తున్నాను, పడగొట్టింది ఎవరు అన్న ప్రశ్నతో మొదలెట్టినవాళ్ళకు ఏ కాలమ్ ముందు పోయింది అన్నది కనపడదు. నేను మాత్రం రెండోదే ముందు అడుగుతాను. దానికి జవాబు ఇనుములో ఉంటుంది, మనుషుల్లో కాదు.

ఇక బావగారి పక్షాన కూడా కొన్ని చెప్పాలి, లేకపోతే అన్యాయం. ఏడో నంబరు భవనం ఉక్కును ఒకటీ అరా ముక్క తప్ప పరీక్షకు దాచి ఉంచలేదు, శిథిలాలు తొందరగా తరలించేశారు. అది పెద్ద తప్పు. నా గుట్టను మూడో రోజే ట్రాక్టర్లతో ఎత్తేసి ఉంటే నేనూ గుడ్డిగా మాట్లాడేవాణ్ణి. నిస్ట్ తన కంప్యూటర్ మోడల్‌లో కొన్ని లెక్కలు బయటపెట్టలేదు. ఆ గర్డరు పీట దగ్గర గట్టిదనం కోసం వేసిన ప్లేట్లను లెక్కలోకి తీసుకోలేదన్న విమర్శ ఉంది. కోర్టు కేసుల కోసం పనిచేసిన వేరే ఇంజినీర్లు మొదట ఏది తెగింది అన్న వివరాల్లో నిస్ట్‌తో విభేదించారు. 2020లో అలాస్కా విశ్వవిద్యాలయం నుంచి, కుట్ర వాదుల సంస్థ డబ్బుతో, మంట కారణం కాదని ఒక రిపోర్టు కూడా వచ్చింది. నేను చదివాను. నిస్ట్ కథలో లోపాలు వెతకడం బాగానే చేసింది కానీ, కాలమ్‌లన్నీ దాదాపు ఒకేసారి పోయాయి అని ఆగిపోయింది, ఎలా పోయాయో చెప్పలేదు. మొదటి బోల్టు ఏది అన్న గొడవ నాకు ఇష్టమే, అది మా వృత్తి గొడవ. అందులో ఎవరు గెలిచినా థర్మైట్ గెలిచినట్టు కాదు.

పండక్కి ఆయనతో కూర్చున్నప్పుడు ఒక్కసారి అన్నీ ఎత్తుకోకండి. ఆయన ఒకదాని మీంచి ఇంకోదానికి గెంతుతారు, కరిగిన ఉక్కు నుంచి పొగకు, పొగ నుంచి వీధిలో దొరికిందన్న హైజాకరు పాస్‌పోర్టుకు. ఏడో నంబరు ఒక్కటే పట్టుకోండి. స్వేచ్ఛాపతనం ఒప్పుకుని మొదలెట్టండి, ఆయన ముఖం మారుతుంది. తర్వాత వీడియో పెట్టమనండి. చాలా ఫోన్లలో తిరిగే ముక్క గోడ కదిలే చోటే మొదలవుతుంది. నిడివైనది వెతికి, ఎడమ చేతి వైపు పైన ఉన్న పెంట్‌హౌస్ కుంగిన క్షణం నుంచి ఆయన్నే సెకన్లు లెక్కపెట్టమనండి. గోడ కదిలేసరికి ఏడు దాకా వస్తాయి. ఆ ఏడు సెకన్లు లోపల ఏం జరిగిందో ఆయన లెక్క కాగితం మీద వేసి ఇస్తే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, నేను చూస్తాను.